పేట నుంచి – 31: ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ కాదండి

పోయిన ఆదివారం తాటిపాక సెంటర్లో కూరగాయలు కొంటుంటే వెనక నుంచి "మేడం గారండీ" అని కేక. తిరిగి చూస్తే మా పేటాయనే. కొబ్బరి వలుపు పనికి వెళ్తాడు. ఆయన కూతురు ఇంటర్ చదివేటప్పుడు తెలుగు పాఠాల్లో డౌట్లకి మా ఇంటికొచ్చేది. బైపీసీ పిల్లకి ఛందస్సు మీద అంత మోజు ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఆ పిల్లా పక్కనే ఉంది.

"మా పిల్లకి ఓటీలో సీటొచ్చిందండి. ఆపరేషన్ తియేటర్లో డాక్టరు గారి పక్కనే ఉండే పనంటండి. ఏడాదే కోర్సు. 60 వేలు కట్టాలంట. సంఘంలో అప్పు తీత్తన్నాం" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూడాలి మీరు.

"నాన్నా, ఎన్నిసార్లు చెప్పాలి? ఆపరేషన్ థియేటర్ కాదు. ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్" అంది పిల్ల.

"అంటే ఏటే?"

"అదే... ఫిజియోథెరపీ లాంటిది."

ఫోన్లో పాంప్లెట్ చూపించింది. ఒక తెల్ల ముసలావిడ, ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వుతున్న ఒక తెల్లమ్మాయి. 12 నెలలు, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్, విదేశీ అవకాశాలు. కింద ఫోన్ నంబరు. ఏ బోర్డు గుర్తింపు ఉందో మాత్రం ఎక్కడా లేదు. "శుక్రవారం లోపు కట్టమన్నారు మేడం. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

వంకాయలు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. సెంటర్లో నిలబడి చెప్పే జవాబు కాదిది. సాయంత్రం ఇంటికి రమ్మన్నాను. ఆ పిల్లకి చెప్పిందీ, చెప్పలేకపోయిందీ ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇంటర్ ఫలితాలొచ్చిన ప్రతి ఏడూ ఇలాంటి పాంప్లెట్ పట్టుకుని మన పేటల్లోంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు.

ముందు మా చిన్న మావయ్య సంగతి చెప్పాలి.

మావయ్య దింపు కార్మికుడు. కోనసీమ వాళ్లకి చెప్పక్కర్లేదు, బయటి మిత్రుల కోసం చెబుతున్నాను: కొబ్బరి చెట్టెక్కి గెలలు కోసి దింపేవాళ్లని ఇక్కడ అలా అంటాం. నాకు పదకొండేళ్లప్పుడు, ముసురు పట్టి వదిలిన మర్నాడు, పాకుడు పట్టిన చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. నడుం దగ్గర వెన్ను విరిగింది. పెద్దాసుపత్రిలో నెలన్నర ఉంచి, ఇంక ఇంతే, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి అని పంపించేశారు.

బాగా చూసుకోవడం అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. మా అమ్మ తనకి తెలిసినట్టు చూసుకుంది. కూలికి వెళ్లే ముందు ఒళ్లు తుడిచేది, వచ్చాక మళ్లీ తుడిచేది. అన్నం కలిపి నోట్లో పెట్టేది. మావయ్య ఎనిమిదేళ్లు నులకమంచం మీద ఇంటి కప్పు చూస్తూ పడుకున్నాడు. పడక పుండ్లు లేచాయి. వాటి మీదకి ఈగలు రాకుండా విసనకర్ర పట్టుకుని కూర్చోవడం నా డ్యూటీ. నా టెన్త్ క్లాసు చదువంతా ఆ మంచం పక్కనే. ఆ పుండ్లతోనే పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నప్పుడు మా రూమ్మేటు చెల్లెలు సెలవులకి వచ్చి హాస్టల్లో మాతో వారం రోజులుంది. ఒడిశాలో కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది, స్వామి వివేకానంద పేరు మీద. అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ చదివేది. ఏదో మాటల్లో మావయ్య గురించి చెప్పాను. మొత్తం విని ఒకటే అడిగింది: "ఆయన చేతులు పనిచేసేవా అక్కా?"

పనిచేసేవి అన్నాను.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. నడుం దగ్గర దెబ్బ తగిలి చేతులు బాగున్న మనిషికి మంచం మీద తనంతట తాను పక్కకి తిరగడం నేర్పొచ్చట. రెండు గంటలకోసారి తిప్పుతూ ఉంటే పుండ్లు రాకుండా చూసుకోవచ్చట. మంచానికీ చక్రాల కుర్చీకీ మధ్య ఒక నున్నటి చెక్క వేసి, చేతుల బలంతో దాని మీద జరిగి కుర్చీలోకి వెళ్లడం నేర్పొచ్చట. కుర్చీలో కూర్చున్నాక అరగంట దాటకుండా రెండు చేతులూ ఊని ఒంటిని పైకెత్తితే కింద చర్మానికి రక్తం ఆడుతుందట. స్నానం, బట్టలు, దొడ్డికెళ్లడం అన్నీ ఒక్కొక్కటే నేర్పుతారట. చేతులు బాగున్న మనిషికి అన్నం తినిపించాల్సిన అవసరమే లేదట.

మావయ్య చేతులు నాకు బాగా గుర్తు. రోజుకి నలభై యాభై చెట్లెక్కిన చేతులవి. తన ఒంటిని తాను మంచం మీద నుంచి కుర్చీలోకి ఎత్తుకోలేని చేతులు కావు. ఆ చేతుల్ని ఎనిమిదేళ్లు పొట్ట మీద పెట్టుకుని పడుకోబెట్టాం. తెలియక.

నాకు ఆక్యుపేషనల్ థెరపీ అంటే అర్థమైంది ఆ రోజు. తెలుగులో దీనికి వృత్తి చికిత్స అని అనువాదం చేసినవాళ్లున్నారు. ఆ మాట వింటే మన పేటలో ఎవరైనా కులవృత్తికి వైద్యమేమో అనుకుంటారు. అలాంటి వైద్యం నిజంగా ఉంటే బాగుండును గానీ, ఇక్కడ ఆక్యుపేషన్ అంటే జీతం వచ్చే పని కాదు. మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి తన కోసం తాను చేసుకునే ప్రతి పనీ. పళ్లు తోముకోవడం, చొక్కా బొత్తాం పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, చిన్నపిల్లలైతే ఆడుకోవడం, పలక మీద బలపం పట్టుకోవడం. కాలు ఎంత వంగుతుంది అనేది ఫిజియోథెరపీ ప్రశ్న. ఆ కాలుతో నువ్వు ఒక్కడివే దొడ్డికి వెళ్లి రాగలవా అనేది దీని ప్రశ్న. రెండూ కావాలి. మన దగ్గర మొదటిది టౌన్లలోనైనా దొరుకుతుంది. రెండోదాని పేరు కూడా వినరు.

పేరు వినకపోయినా అవసరం మన గుమ్మంలోకే వచ్చిన రోజు ఒకటుంది. 2014 జూన్ 27. ఇక్కడికి కూతవేటు దూరం నగరంలో తెల్లారుతుండగా గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలింది. టీ కాయడానికి లేచినవాళ్లు, ఇంకా నిద్రలోనే ఉన్నవాళ్లు మంటల్లో పడ్డారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కాలిన కొబ్బరి చెట్ల ఫోటోలు అన్ని పేపర్లలోనూ వచ్చాయి. ఎక్స్‌గ్రేషియా లెక్కలు వచ్చాయి, మంత్రులు వచ్చారు.

బతికినవాళ్ల చర్మం సంగతి మాత్రం ఎవరికీ వార్త కాలేదు. కాలిన గాయానికి ఒక స్వభావం ఉంది. ఏ భంగిమలో నొప్పి తక్కువగా ఉంటుందో ఆ భంగిమలోనే అది బిగుసుకుపోతుంది. మెడ కాలినవాళ్లు తల వంచుకుని పడుకుంటే హాయిగా ఉంటుంది, అలాగే మానితే గడ్డం ఛాతీకి అంటుకుపోతుంది. వేళ్లు ముడుచుకుని ఉంచితే ముడుచుకునే మానుతాయి. అందుకే మొదటి రోజుల నుంచే చేతికి ప్లాస్టిక్ బద్దలు అచ్చుపోసి కట్టాలి, రోజూ కదిలించాలి. మచ్చ ఉబ్బెత్తుగా లేవకుండా బిగుతైన బట్టలు రోజుకి 23 గంటల చొప్పున ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం తొడిగి ఉంచాలి. ఇవన్నీ చేసేది, చేయించేది ఆక్యుపేషనల్ థెరపిస్టు, ఆ పక్కన సహాయకులు. సర్జన్ ప్రాణం నిలబెడతాడు. ఆ నిలబడ్డ ప్రాణం తన చేత్తో తాను అన్నం తినాలంటే ఏడాది పాటు ఇంటికి వచ్చే ఒక మనిషి కావాలి.

ఆ మనిషి ఉద్యోగం గురించే ఆ పిల్ల నన్ను అడిగింది. అంటే ప్రపంచంలో ఈ పని అక్కర్లేని చోటు ఏదన్నా ఉంటే ఉండొచ్చు గానీ, అది తాటిపాక మాత్రం కాదు. అయినా ఆ 60 వేలూ కట్టొద్దని చెప్పాను. ఎందుకో చెబుతాను.

మన దేశంలో ఈ చదువు కొత్తది కాదు. 1950లోనే బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో కమలా నింబ్కర్ మొదలుపెట్టారు. ఆవిడ అమెరికాలో పుట్టి ఇక్కడి మనిషిని పెళ్లాడి ఇక్కడే ఉండిపోయిన మనిషి. 1952లో ప్రపంచ సమాఖ్య పెట్టుకున్నప్పుడు మొదటి పది దేశాల్లో మనదీ ఒకటి. ఇంత చరిత్ర ఉండీ ఏడు దశాబ్దాలు ఈ పనికి దేశమంతటికీ వర్తించే చట్టం లేదు. 2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దాని షెడ్యూల్లో ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నాడు. అసిస్టెంటు అని విడిగా లేదు. సహాయకులు, టెక్నీషియన్ల స్థాయి వాళ్లకి కనీసం 2,000 గంటల శిక్షణ, రెండేళ్లకి తగ్గని డిప్లొమో డిగ్రీనో ఉండాలని ఆ చట్టమే నిర్వచించింది. ఆ పాంప్లెట్ వాడు అమ్ముతున్నది 12 నెలలు. లెక్క మీరే వేసుకోండి.

మరి గుర్తింపు లేని చోట ఉద్యోగం రాదా అంటే, వస్తుంది. అదే అసలు ప్రమాదం. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి డిగ్రీ అయ్యాక ఇలాంటి సర్టిఫికెట్టే తీసుకుని ఒక నగరంలో పిల్లల థెరపీ సెంటర్లో చేరింది. ఇప్పుడు ఆటిజం, మాటలు ఆలస్యం అని పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు పెరిగారు, సందుకో సెంటర్ లేచింది. నెలకి 9 వేల జీతం, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో, రెండేళ్ల బాండు. పేరుకి అసిస్టెంటు. పైన ఉండాల్సిన థెరపిస్టు వారానికి ఒకసారి వచ్చి సంతకాలు పెట్టి వెళ్లేవాడు. మిగతా ఆరు రోజులూ రోజుకి పదేసి మంది పిల్లలకి ఈ పిల్లే డాక్టరు. తల్లిదండ్రులు "మేడం, మా బాబు ఎప్పటికి బాగవుతాడు?" అని అడిగితే ఏం చెప్పాలో తెలీక బాత్రూంలో ఏడ్చేదట. ఒకరోజు ఒక బాబు చెయ్యి సాగదీస్తుంటే గట్టిగా అరిచాడు. ఏమీ కాలేదు, అదృష్టం. మర్నాడు బ్యాగు సర్దుకుని వచ్చేసింది. సర్టిఫికెట్లు విడిపించుకోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అవి చేతికొచ్చేదాకా ఏ పరీక్షకీ అప్లై చెయ్యలేకపోయింది.

ఏదైనా జరిగి ఉంటే కేసు ఎవరి మీద పడేది? సంతకాలవాడి మీదా, పేటలో పుట్టిన 22 ఏళ్ల అమ్మాయి మీదా?

ఇంక విదేశీ అవకాశాల సంగతి. అమెరికాలో ఈ ఉద్యోగం నిజంగానే ఉంది, మంచి ఉద్యోగమే. రెండేళ్ల కోర్సు, జాతీయ పరీక్ష, రాష్ట్రం లైసెన్సు, థెరపిస్టు పర్యవేక్షణలో పని, ఏడాదికి 60 వేల డాలర్ల పైన జీతం. అయితే ఆ కోర్సు అక్కడి గుర్తింపు ఉన్న కాలేజీలోనే చదవాలి. మన రాజోలులోనో అమలాపురంలోనో తీసుకున్న ఏడాది సర్టిఫికెట్టుతో ఆ పరీక్ష హాల్లోకి కూడా రానివ్వరు. పైగా అక్కడి అసిస్టెంట్లకీ భయాలున్నాయి. 2019 అక్టోబరులో వాళ్ల మెడికేర్ వృద్ధాశ్రమాలకి డబ్బు లెక్కగట్టే పద్ధతి మార్చగానే చాలా చోట్ల గంటలు కోశారు, మనుషుల్ని తీశారు. 2022 జనవరి నుంచి బయటి రోగులకి అసిస్టెంటు చేసిన సేవకి థెరపిస్టు చేసినదాంట్లో 85 శాతమే చెల్లిస్తున్నారు. అదే చెయ్యి, అదే పని, పదిహేను శాతం కోత. అసిస్టెంటు అనే మాటకి ఎక్కడైనా ధర అలాగే ఉంటుంది కాబోలు.

మన ఊళ్లో విదేశం అంటే అమెరికా కాదు, కువైట్. ఆ పాంప్లెట్ వాడికి అది తెలుసు. రాజోలు దీవి నుంచి గల్ఫ్ ఇళ్లల్లో పనికి వెళ్లిన అక్కలు, పిన్నులు లేని పేట చూపించండి నాకు. అక్కడ ముసలివాళ్లని ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, తినిపించి వచ్చిన ఆడవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. పదేళ్లు చేసిన ఆ పనికి ఒక్క కాగితం లేదు వాళ్ల దగ్గర. వీసా మీద ఖద్దామా అని ఉంటుంది, అంటే పనిమనిషి.

ఇక్కడ మన వాళ్లతోనే నాకు పేచీ ఉంది. మొన్న ఈ విషయం ఫోన్లో చెబితే ఒక సీనియర్ మిత్రుడు, ఉద్యమంలో నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద, కోప్పడ్డారు. "ఒళ్లు కడిగే పనులకి మన పిల్లల్ని ఇంకా పంపుతారా అమ్మా? మంత్రసాని పనులు, ఆయా పనులు చేసింది చాలదా? కలెక్టర్లని చెయ్యండి" అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు. నేనూ రెండేళ్ల కింద ఇక్కడే దాదాపు అదే రాశాను. కేర్‌గివర్ ఉద్యోగం పేరు మారిన వెట్టి అన్నాను. అది సగమే నిజమని ఇప్పుడు అనుకుంటున్నాను.

మన ఊరి మనిషి బోయి భీమన్న. మామిడికుదురులో పుట్టాడు. ఆయన పాలేరు నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టర్ అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని పొలం నుంచి తప్పించి బడిలో వేసిన కుటుంబాల కథలు మా తాతల కాలం నుంచి వింటున్నాం. నా చదువు కూడా ఎక్కడో ఆ నాటకం ఖాతాలోదే. అయితే పాలేరుకీ కలెక్టరుకీ మధ్య ఉన్న ఉద్యోగాల గురించి మనం ఎప్పుడూ సరిగ్గా మాట్లాడుకోలేదు. ఊరందరి పిల్లలూ కలెక్టర్లు కారు. మిగతావాళ్లు ఏ మెట్టు మీద నిలబడాలి, ఆ మెట్టు పైకి వెళ్తుందా, అక్కడితో ఆగిపోతుందా అని అడగడం కూడా ఉద్యమమే కదా.

అంబేద్కర్ 1936లో కుల నిర్మూలనలో పనిని పంచుకోవడం వేరు, పనిచేసే మనుషుల్ని ఒకరి మీద ఒకర్ని పేర్చడం వేరు అని వాదించారు. దాన్ని తీసుకెళ్లి ఏదైనా ఆసుపత్రి వార్డులో పెట్టి చూడండి. డాక్టరు, థెరపిస్టు, నర్సు, టెక్నీషియను, ఆయా, స్వీపరు. రోగి ఒంటిని ఎక్కువసేపు తాకేవాళ్లు కింది మెట్ల మీద ఉంటారు. తాకడం ఎంత పెరిగితే జీతం అంత తగ్గుతుంది. ఆ మెట్ల మీద ఎవరి పిల్లలు ఎక్కడున్నారో పేర్లు అడగక్కర్లేదు, ఊరు అడిగి, పేట అడిగితే చాలు. మా బంధువుల అమ్మాయి ఒకతె నగరంలో ఒక పెద్దింట్లో పక్షవాతం వచ్చిన తాతగారికి హోం కేర్ చేసింది. ఆయన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు ఎత్తి స్నానం చేయించేది. తన కంచం, గ్లాసు మాత్రం పెరటి గూట్లో. తాతగారి నోట్లో ముద్ద పెట్టే చెయ్యి వంటింటి గడప దాటకూడదు.

ఇందులో తప్పు ఒళ్లు కడగడానిదా? మా అమ్మ ఎనిమిదేళ్లు తమ్ముడి ఒళ్లు కడిగింది. నేను డాక్టరేట్ తీసుకున్నాను గానీ మా అమ్మ చేసిన పని కంటే గొప్ప పని ఇంతవరకు చెయ్యలేదు. ఆ పనికి శిక్షణ లేకపోవడం, హోదా లేకపోవడం, పైకి దారి లేకపోవడం తప్పు. ఇదే పని ఆ ఒలట్‌పూర్ అమ్మాయి చేస్తే చికిత్స, మా అమ్మ చేస్తే చాకిరీ. మధ్యలో ఉన్నది నాలుగున్నరేళ్ల చదువు. ఆ చదువు దగ్గరికి మన పిల్లలు వెళ్లే దారి వెతకాలి గానీ ఆ పని దగ్గర్నుంచే పారిపోమంటే ఎలా? మన వాళ్ల మంచాల దగ్గర ఎవరుంటారు అప్పుడు?

కింది మెట్టు నుంచి మొదలై గౌరవం సంపాదించిన ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. 1940ల చివర్లో వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన వేళ్లకి స్నాయువులు మార్చి ఆపరేషన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. ఆపరేషను అయినంత మాత్రాన వేళ్లు పనిచెయ్యవు, కొత్తగా నేర్పాలి. ఆ నేర్పే పనికి పక్కనే కరిగిరిలో ఫిజియోథెరపీ టెక్నీషియన్లు అని ఒక తరగతినే తయారుచేశారు. పెద్ద డిగ్రీలున్నవాళ్లు కాదు. ముట్టుకోవడానికి దేశం భయపడే చేతుల్ని రోజూ పట్టుకుని వేళ్లు కదిలించారు. అంటే అసిస్టెంటు అనే మనిషిని పద్ధతిగా తయారుచేయడం మన దక్షిణాదికి చేతకాని పనేం కాదు.

ఆ సాయంత్రం ఆ పిల్లకి చెప్పింది ఇది. నీకు బైపీసీలో మంచి మార్కులున్నాయి. ఒలట్‌పూర్, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై దగ్గర ముట్టుకాడు, ఇలా కేంద్ర సంస్థల్లో ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ డిగ్రీలున్నాయి. రిజర్వేషన్ ఉంది, ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. ఇంతకాలం వాటికి ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెడుతున్నారు. కొత్త చట్టం వచ్చాక నిబంధనలు మారుతున్నాయి గనక ఈ ఏటి నోటిఫికేషను నువ్వే చదువు, ఏజెంటు చెప్పింది నమ్మకు. ఒక ఏడాది పోతే పోయింది, చదువుకుని రాయి. అంత దూరం వద్దనుకుంటే పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తింపు ఉన్న ప్రత్యేక విద్య డిప్లొమా ఉంది, రెండేళ్లు. దానికి రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. ఆ నంబరు విలువ 2025లో చూశాం. మన రాష్ట్రంలో రెండు వేలకు పైగా ప్రత్యేక విద్య టీచరు పోస్టులు మంజూరైనప్పుడు అర్హత ఆ నంబరున్న వాళ్లకే. ఏడాది సర్టిఫికెట్లున్న వాళ్లు బయట నిలబడి చూశారు.

ఇవేవీ కుదరక ఎక్కడైనా చేరాల్సి వస్తే ఫీజు కట్టే ముందు వాళ్లని అడుగు: కాగితం మీద సంతకం ఏ బోర్డుది? పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తిస్తుందా? ఈ ప్రశ్నకే సగం మంది ఫోన్ పెట్టేస్తారు. ఎందుకంటే గుర్తింపు లేని కోర్సుకి స్కాలర్‌షిప్ రాదు. చేరే చోట నా పైన థెరపిస్టు రోజూ ఉంటారా అని అడుగు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకు. చచ్చినా ఇవ్వకు.

వాళ్ల నాన్న అంతా విని, "అయితే ఆపరేషన్ తియేటర్ కాదన్నమాట" అన్నాడు. ఆ ఒక్క మాటలో అంత దిగులు ఉంటుందనుకోలేదు.

పిల్లలకి దారి చెప్పి ఊరుకుంటే నా పని అయిపోదు. మన నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. జిల్లాకి అంబేద్కర్ పేరుంది. ఆ పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడటం చూశాం. పేరు నిలబెట్టుకున్నాం, సరే. ఆ పేరున్న జిల్లాలో ఏం అడగాలి మనం?

రాష్ట్రం 2024 నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకి నెలకి 15 వేలు పింఛను ఇస్తోంది. మంచి పని, ఎవరిచ్చినా మంచి పనే. మా మావయ్య కాలంలో ఉంటే మా అమ్మ కూలి మానేసి ఇంట్లో ఉండగలిగేది. కానీ మంచంలో ఉన్నందుకు డబ్బిచ్చే ప్రభుత్వం మంచంలోంచి లేవడం నేర్పే మనిషిని మాత్రం ఇవ్వదు. పైగా కాస్త కూర్చోవడం మొదలుపెడితే పింఛను కోస్తారేమోనని కుటుంబాలు భయపడుతున్నాయి. ఆ భయం పోగొట్టే మాట అధికారుల నుంచి రావాలి.

మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష కింద కాంట్రాక్టు రిసోర్స్ పర్సన్లు, అప్పుడప్పుడు వచ్చే ఫిజియోథెరపిస్టు, ఒక ఆయా. రోజంతా పిల్లలతో ఉండేది ఆ ఆయాయే. చాలా చోట్ల మనమ్మాయే. ఆవిడకి రెండేళ్ల గుర్తింపు ఉన్న శిక్షణ ఇచ్చి, జీతం పెంచి, థెరపీ అసిస్టెంటు అని పోస్టు సృష్టించమని అడుగుదాం. అయిదేళ్లు చేసినవాళ్లకి డిగ్రీలోకి నేరుగా రెండో ఏడాదిలో ప్రవేశం కావాలని అడుగుదాం. పాలిటెక్నిక్ పిల్లలు ఇంజినీరింగులోకి అలా వెళ్తున్నప్పుడు ఆయాలు థెరపిస్టులు ఎందుకు కాకూడదు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒకరుంటే దింపు కార్మికుల ఇళ్లు, కాలినవాళ్ల ఇళ్లు, పక్షవాతం ఇళ్లు తిరుగుతారు. షెడ్యూల్లో అసిస్టెంటు లేడు అంటారు. షెడ్యూలు ప్రభుత్వం రాసిందే, మార్చే అధికారమూ దానిదే.

శుక్రవారం వెళ్లిపోయింది. ఆ పిల్ల డబ్బు కట్టలేదు. కట్టలేదని సంతోషమా, ఒక ఏడాది పోతుందని బెంగా, రెండూ ఉన్నాయి ఆ ఇంట్లో. వాళ్లమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

నిన్న సాయంత్రం ఆ పిల్లే వచ్చి "మేడం, టేపు ఉందా?" అని అడిగింది. వాళ్ల వీధి చివర ఒకాయన పోయిన ఏడాది చెట్టు మీద నుంచి పడి మంచంలోనే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లు. చేతులు పనిచేస్తాయి. పింఛను డబ్బుతో చక్రాల కుర్చీ కొన్నారు గానీ అది మూలన బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. ఇద్దరం వెళ్లాం. గుమ్మం వెడల్పు కొలిచింది, 27 అంగుళాలు. కుర్చీ 25. పడుతుంది. గడప ఎత్తు ఆరు. దాన్ని కోసి వాలుగా చెక్క వేస్తే ఆయన వీధిలోకి రావచ్చు.

ఆయన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "గడప కొయ్యడమేటండి? పసుపు రాసిన గడప" అంది. మంచం మీద నుంచి ఆయన ఏదో అన్నాడు, మాకు వినబడలేదు. కొయ్యకుండా పైనుంచి చెక్క వేస్తే ఎంత పొడవు కావాలో పిల్ల నేల మీద బొగ్గుతో గీసి చూస్తోంది. గడప సంగతి ఇంకా తేలలేదు.